గోడ వారన సీటు

ఉదయం 9:48కి చివరి ఏడాది విద్యార్థిని పరీక్ష హాల్లోకి వెళ్లింది. ఇదే పేపర్ రాస్తూ ఇంతకుముందు రెండుసార్లు ఊపిరాడక మధ్యలో లేచి బయటికి పరుగెత్తింది. మూడోసారీ లేస్తే డిగ్రీ రాదు.

యూనివర్సిటీ కౌన్సెలర్ మూడు వారాలపాటు ఆమెను ఖాళీ హాల్లో తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టి, తానే ఇన్విజిలేటర్‌లా తిరుగుతూ సాధన చేయించింది. అసలు రోజున సీటు మారుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

విద్యార్థిని గుమ్మం బయట నిలబడ్డ కౌన్సెలర్ దగ్గరకు తిరిగొచ్చింది.

"మేడమ్, కొంప మునిగింది! నా సీటు చివరి వరసలో, గోడ వారన పడింది."

"తప్పు నాదే తల్లీ. అన్ని సీట్లలోనూ కూర్చోబెట్టాల్సింది."

"పోనీలెండి. ఈ ఇన్విజిలేటర్ సారు మీకన్నా నయం, తిరుగుతుంటే చెప్పుల చప్పుడు లేదు."

కౌన్సెలర్‌కు నవ్వాగలేదు. "చాల్లే, పద పద! గంట కొట్టేస్తారు!"

ఆ తర్వాత కౌన్సెలర్ వరండాలో కిటికీ దగ్గరే నిలబడింది. 10:40కి విద్యార్థిని చెయ్యెత్తింది. ముందు రెండుసార్లూ ఆమె లేచింది సరిగ్గా ఆ వేళకే. కౌన్సెలర్ కిటికీ ఊచ పట్టుకుంది. ఇన్విజిలేటర్ వెళ్లి, వంగి విని, తన బల్ల దగ్గరకు వచ్చి కాగితాల కట్ట విప్పాడు. 10:42కి విద్యార్థినికి అడిషనల్ షీట్ ఇచ్చాడు.

ఒంటిగంటకు చివరి గంట కొట్టినప్పుడు ఆమె మూడో అడిషనల్ షీటుకు దారం కడుతోంది.