తట్ట కింద పుంజు

కోడిపుంజు కూయాలంటే ముందు మెడ నిక్కించాలి. మెడ నిక్కించే జాగా లేకపోతే ఎంతటి పుంజైనా గొంతులో గురగురమని ఊరుకుంటుంది. ఈ సంగతి సత్తెమ్మకు ఎవరూ చెప్పలేదు, భయమే నేర్పింది. వెనకింట్లో ఖాళీ వడ్ల గుమ్మి చాటున ఒక పొట్టి తట్ట బోర్లించి, మీద రాయి పెట్టి, ఆ పైన గొంగడి కప్పింది. దాని కింద పోచమ్మకు మొక్కిన పుంజు కుక్కిన పేనులా పడి ఉంది. మెడకు కట్టిన పసుపు గుడ్డ పేలిక కూడా మాసిపోయింది.

పక్కనే గంప కింద రెండు పెట్టలు. వాటి తంటా వేరు. గుడ్డు పెట్టగానే రాజ్యం గెలిచినట్టు ఊరంతా చాటింపు వేస్తాయి. అవి నోరు తెరిస్తే చాలు, సత్తెమ్మ పరుగున వచ్చి ఇసుర్రాయి తిప్పేది. రాళ్ళ మధ్య జొన్నగింజ ఉన్నా తిప్పేది, లేకున్నా తిప్పేది.

"ఏమున్నదని గంతగనం ఇసురుతున్నవ్ వదినె? ఊరందరికి రొట్టెలు జేస్తవా ఏంది?" అని గోడ అవతల నుంచి నీలమ్మ నవ్వేది.

ఢిల్లీలో జెండా మారి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. నవాబు ఏలుబడిలో ఉన్న వాళ్ళ ఊరు కొత్తగూడలో మాత్రం ఏమీ మారలేదు. సర్కారు అధికారి దౌరాకు, అంటే ఊళ్ళ తనిఖీకి, వస్తే చావిడి ముందు డేరా పడేది, డేరా పడితే ఇంటికో కోడి పోయేది. అడగడాలూ పైసలివ్వడాలూ లేవు. వెట్టి అంటే అదే మరి! దేవుడి కోడి, మనిషి కోడి అనే తేడా కూడా వాళ్ళకు లేదు. కిందటేడు పెంటయ్య మొక్కుపుంజును అలాగే పట్టుకుపోయారు. ఆ నెలలోనే అతని ఎద్దు చచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

సత్తెమ్మ కూతురు భూలక్ష్మికి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. ఇప్పుడు మూడో కాన్పు. "ఈ బిడ్డను నిలబెట్టు తల్లీ, పురుడు కాంగనే నీకు పుంజునిస్త" అని సత్తెమ్మ పోచమ్మ ముందు కొంగు పట్టి మొక్కింది. కాన్పుకు ముందే అధికారి వస్తున్నాడని తెలిసింది. ఆలోచించి ఆలోచించి, పెంటకుప్ప మీద నాలుగు ఈకలు చల్లి, వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టింది. కొక్కెర తెగులు తగిలి కోళ్ళన్నీ చచ్చాయని, పోచమ్మ పుంజు కూడా పోయిందని.

ఏడుపు మాత్రం నిజమైన ఏడుపే. అందుకే అందరూ నమ్మారు.

అక్కడే వచ్చింది చిక్కంతా. కొక్కెర తెగులు పక్కింట్లో పడిందంటే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? తన కోళ్ళు తూగి చచ్చేలోపే కోసుకుని తినేస్తుంది. సాయంత్రానికల్లా వాడంతా మసాలా వాసన. సత్తెమ్మకు ఈ ముక్క ముందు తట్టనే లేదు. తట్టేసరికి నీలమ్మ కూర గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

నీలమ్మ గుడ్లు పెట్టే కోళ్ళను పిల్లల్లా సాకేది. మగడు మొగిలి ఊరి మస్కూరి, అంటే పటేలు చెప్పిన పనల్లా ఉత్త పుణ్యానికి చేసే నౌకరు. ఆ ఇంట్లో కాసింత ఉప్పూ చింతపండూ వచ్చేది ఆ గుడ్ల మీదనే.

"పొదుగుడు కోడిని సుత కోసిన వదినె. ఏం జేస్త, ఎట్లన్న సచ్చేదే నాయె. భూలక్ష్మికి రెండు ముక్కలు వెట్టు, బలం ఉంటది" అని గిన్నె చేతికిచ్చింది. వెళ్ళబోతూ ఆగి, "నీ మొక్కుకు ఫికర్ వెట్టుకోకు. పుంజును తల్లి తనంతట తనే తీస్కపోయింది అనుకో" అంది.

 నిజం సత్తెమ్మ నోటిదాకా వచ్చింది. చెబితే ఈమె మగడే రేపు కోళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగేది. మింగేసింది. కూర కూడా మింగింది.

అధికారి వచ్చాడు, డేరా పడింది. ఆ మధ్యాహ్నమే భూలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. వాడలో పురుళ్ళు పోసేది నీలమ్మే. కొంగు బిగించి వచ్చి, పొట్ట మీద చేయి వేసి చూసి, మొహం గంభీరం చేసుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది. మెల్లగ సర్దుకుంట రావాలె. నువ్వు నీళ్ళు కాగవెట్టు."

నీళ్ళు కాగుతుండగా వాకిట్లో పెంటయ్య గొంతు వినిపించింది. మగవాడు పురుటింట్లోకి రాకూడదు గనక బయట నుంచే అరిచాడు.

"నీలమ్మా! మొగిలిని చావిడి కాడ వంగవెట్టి ఈపు మీద బండ ఎత్తిన్రు! వాడల ఒక్క కోడి లేదంటే పటేలు ఇనడు. మొగిలే దాపిచ్చిండు అంటున్నడు. కోళ్ళు వస్తెనే బండ దించుతడట!"

నీలమ్మ వాకిలి వైపు తిరిగి సగం లేచింది. చేయి మాత్రం భూలక్ష్మి పొట్ట మీద అలాగే ఉంది. సత్తెమ్మకు మొదట తోచిన మాట ఏమిటో తెలుసా? ఈమె లేచి వెళ్ళిపోతే నా బిడ్డ గతేంటి అని. మొగిలి సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. అందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"పో అత్తా... మామ కాడికి పో" అంది భూలక్ష్మి పళ్ళు బిగించి.

"ఎట్ల పోవాలె బిడ్డా? నేను చెయ్యి తీస్తె నువ్వుంటవా?" నీలమ్మ కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేయి ఎత్తలేదు. "నా కోళ్ళుంటె అన్నీ మొకాన కొడుతుంటి. అన్నీ నా చేతులతోటే కోస్తిని గదా వదినె!"

భూలక్ష్మికి తట్ట సంగతి తెలుసు. నొప్పి మధ్య తల తిప్పి వెనకింటి వైపు చూసింది. ఆ తర్వాత తల్లి మొహంలోకి చూసింది. "అవ్వా" అంది, అంతే. కడుపులో ఉన్నది దాని బిడ్డ. మొక్కు ఆ బిడ్డ కోసమే. ఆ భూలక్ష్మే పుంజును ఇచ్చెయ్యమంటుంటే ఇక సత్తెమ్మ ఎవరిని అడ్డం పెట్టుకుంటుంది?

వెనకింట్లోకి వెళ్ళింది. గొంగడి లాగింది, రాయి దించింది. "తల్లీ, నీకు కండ్లున్నయి గద, చూస్తనే ఉన్నవ్. కోపం వస్తె నా మీద చూపు, పసిదాని మీద గాదు" అని తట్ట ఎత్తింది.

పుంజు లేచి కాళ్ళు సాచింది. రెక్కలు టపటప కొట్టింది. ఇన్నాళ్ళకు దొరికిన జాగాలో మెడ బారుగా నిక్కించి, పైకప్పు అదిరేలా కూసింది.

ముందింట్లో నీలమ్మ ఓదార్పు మాటలు ఠక్కున ఆగిపోయాయి.

సత్తెమ్మకు ఆమె మొహం చూసే ధైర్యం లేదు. పుంజును చంకన పెట్టుకుని, పెట్టలను కాళ్ళు కట్టి పట్టుకుని, పెరటి దారిన బయటపడింది. ఆ పుంజు దారంతా కూస్తూనే ఉంది. ఒక్కో కూతకు ఒక్కో వాకిట్లో ఒక్కో ఆడమనిషి వచ్చి నిలబడింది. అందరూ కోళ్ళను కోసుకున్నవాళ్ళే. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది సత్తెమ్మకు.

చావిడి దగ్గర మొగిలి వీపు మీద బండతో, ముక్కు నేలకు తాకేలా వంగి ఉన్నాడు. పటేలు వెంకటనారాయణ పుంజును చూసి కనుబొమలెగరేశాడు.

"తెగులొచ్చి సచ్చినయన్నవట గదనే?"

"తెగులు లేదు దొరా. నేనే అబద్ధమాడిన. ఆయన తప్పేం లేదు, బండ దించుండ్రి."

పుంజును ఇచ్చేముందు దాని మెడకున్న పసుపు పేలిక విప్పుకుంది. పటేలు ఆమె చెంప మీద ఒకటి కొట్టి, బండ దించమన్నాడు. మొగిలి నడుము పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. పుంజు వైపు చూశాడు, సత్తెమ్మ వైపు చూశాడు, తల దించుకున్నాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు. గట్టి గొంతు. ఆడపిల్ల. భూలక్ష్మి సొమ్మసిల్లినట్టు పడుకుని ఉన్నా పెదవుల మీద నవ్వుంది.  సంతోషమో, పోచమ్మ భయమో, ఆ ఏడుపు బయటికి వినిపిస్తుందన్న పాత అలవాటో గానీ, "ష్... ఊకో, ఊకో" అంటూ సత్తెమ్మ చేయి బిడ్డ నోటి దగ్గరికి వెళ్ళింది.

నీలమ్మ ఆ చేతిని ఫట్టున పక్కకు కొట్టింది.

"ఏడ్వనీ. ఇగ ఈ ఇంట్ల ఎవ్వరి నోరు ముయ్యకు."

"మొగిలిని ఇడిసిపెట్టిన్రు నీలమ్మా" అంది సత్తెమ్మ. నీలమ్మ తలూపింది. చేతులు కడుక్కుంది. బిడ్డను తల్లి పక్కన సరిగ్గా పడుకోబెట్టి, భూలక్ష్మి నుదుటి మీద జుట్టు సవరించింది. పురుడు పోసిన మనిషి వట్టి చేతులతో పోకూడదని సత్తెమ్మ చాటలో బియ్యం పోసి గుమ్మం దగ్గర పెట్టింది.

నీలమ్మ ఆ చాటను దాటుకుని వెళ్ళిపోయింది.