నలభై ఒక్క పేర్లు

పంకజాక్షి ఇచ్చిన రిజిస్టరు తెరిచిన రోజే చంద్రకాంతమ్మకు అనుమానం పుట్టింది.

అది 1981. కుష్ఠురోగులను ఊళ్లలో వెతికి డాక్టరు దగ్గరికి చేర్చే ఆరోగ్య సహాయకులకు చిత్తూరులో ఒక శిక్షణ కేంద్రం ఉండేది. చంద్రకాంతమ్మ అక్కడ ట్యూటరు. చదువు ఆరు నెలలు. చివరి రెండు నెలలూ విద్యార్థులు తలా కొన్ని ఊళ్లు తిరిగి రోగులను కనిపెట్టాలి. ఆ ఏడు పద్నాలుగు మందిలో చాలామందికి ముగ్గురో నలుగురో దొరికారు. ఆదిమూలం అనే కుర్రాడు ఏడుగురిని పట్టుకున్నాడు. పుత్తూరు అమ్మాయి పంకజాక్షి మాత్రం ఏర్పేడు దగ్గర మూడు ఊళ్లలోనే నలభై ఒక్క మందిని రాసుకొచ్చింది. అందులో ముప్పై ఆరుగురు ఆడవాళ్లు.

కేంద్రం పెద్ద డాక్టర్ మునివెంకటప్ప పొంగిపోయాడు. ఏటా అచ్చువేసే నివేదికలో అధ్యాపకుల, విద్యార్థుల విజయాలకని ఒక పేజీ ఉంటుంది. ఈసారి ఆ పేజీలో పంకజాక్షి ఫోటో, పక్కనే ఆమెకు పాఠం చెప్పిన చంద్రకాంతమ్మ ఫోటో వేద్దామన్నాడు.

చంద్రకాంతమ్మకు అది మింగుడుపడలేదు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్న తనకు ఏడాదంతా తిరిగినా అంతమంది దొరకలేదు. రిజిస్టరులో చూస్తే నాగరత్నమ్మలు ఆరుగురు, కుప్పమ్మలు ఐదుగురు. ఒక్కరికీ ఇంటి నంబరు లేదు. హాస్టలు గదిలో కూర్చుని రాసినట్టుంది. తీరా అచ్చయ్యాక బయటపడితే పోయేది తన పేరే.

ఎవరికీ చెప్పకుండా ఒక సోమవారం బయల్దేరింది. తిరుపతిలో బస్సు మారి, ఏర్పేడులో దిగి, రెండు మైళ్లు నడిచి మొదటి ఊరు చేరింది. నాగరత్నమ్మ ఇల్లు ఎక్కడని అడిగింది. ఏ నాగరత్నమ్మ అన్నారు. వీపు మీద మచ్చ ఉన్నామె అనగానే వాళ్లు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. చేటలో బియ్యం చెరుగుతున్న ఒకామె మాత్రం ముఖం ఎత్తకుండా జవాబిచ్చింది.

"ఆ పేరు గలోళ్లు ఈడ ఎవురూ లేరు. పోమ్మా."

రెండో ఊరిలోనూ అంతే. సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే చంద్రకాంతమ్మకు కోపంతో పాటు ఒక రకమైన తృప్తి కూడా కలిగింది. తన అనుమానం నిజమైంది.

మర్నాడు పంకజాక్షిని గదిలోకి పిలిచి రిజిస్టరు ముందు పెట్టింది. ఈ మనుషులు ఎక్కడున్నారని అడిగింది. పంకజాక్షి రిజిస్టరు మూసి పక్కకు జరిపింది.

"పేర్లు నేను పెట్టినవే మేడమ్. మచ్చలు మాత్రం వాళ్లవే" అంది.

"నిజం పేరు రాస్తే ఏమయ్యేది?"

"రాస్తానంటే ఒక్కరూ రైక ఎత్తి సూపీలేదు మేడమ్. పోయినేడు ఎవురో జీపులో పోయి ఒకామెను పేరు పెట్టి పిలిచినారంట. పెద్దరోగమని ఊరంతా తెలిసిపోయినాది. వారం తిరక్కుండా మొగుడు ఆయమ్మను పుట్టింటికి తోలేసినాడు. పేరు రాయనని మాటిచ్చినాకనే నాకు సూపించినారు."

కథ బాగానే అల్లింది అనుకుంది చంద్రకాంతమ్మ. నమ్మలేదు. కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోనంది. ముందు వాళ్లను అడిగి వస్తానంది పంకజాక్షి. అందుకు వారం పట్టింది. ఆ వారంలో ఎవరినో కూడగట్టుకుని వస్తుందని చంద్రకాంతమ్మ లోపల అనుకుంటూనే ఉంది.

వేరుశనక్కాయలు ఒలిచే కొట్టంలో, మధ్యాహ్నం మగవాళ్లు లేని సమయంలో ఇద్దరూ కూర్చున్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. రెండోదిగా వచ్చింది ఆ రోజు చేటతో బియ్యం చెరిగినామె. చంద్రకాంతమ్మను చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఈయమ్మ పేర్లు అడగతా ఊరంతా తిరిగినామె. ఈమెకెందుకు సూపించాల?" అంది పంకజాక్షితో.

పంకజాక్షి చాలాసేపు నచ్చజెప్పాక ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. వీపు మీద అరచేయంత పాలిపోయిన మచ్చ. కళ్లు మూసుకోమని చంద్రకాంతమ్మ దూదితో దాని మీద తాకింది. ఆమెకు తెలియలేదు; కుష్ఠు మచ్చకు స్పర్శ ఉండదు. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి వేలికి తగిలింది. ఇంకో ఏడాది పోతే వేళ్లు వంకర్లు పోతాయి.

ఆ రోజు పంతొమ్మిది మందిని చూసింది. ఇద్దరివి వట్టి తామర మచ్చలు, పంకజాక్షి పొరబడింది. మిగతావి నిజమే. ఇంకో రెండుసార్లు వెళ్లి అందరినీ చూసేసరికి మరొకరిదీ తామరేనని తెలిసి, లెక్క ముప్పై ఎనిమిదికి తేలింది. పదకొండేళ్లలో తను మగవాళ్ల చేతులూ ముఖాలే చూసి వచ్చిందని, చీర కింద దాగినదాన్ని ఏ రోజూ అడగలేదని తిరుగు బస్సులో ఆమెకు తోచింది. సిగ్గేసింది.

సంగతంతా చెబితే మునివెంకటప్ప మాత్రం ఒప్పుకోలేదు. దొంగపేర్లకు మాత్రలు ఎలా ఇస్తామన్నాడు. మనుషులను తను చూసిందని, ప్రతి పేరు పక్కనా సంతకం పెడతానని చంద్రకాంతమ్మ అంది.

"మీరిద్దరూ కలిసి నన్ను మోసం జేస్తా ఉండారేమో. నాకెట్ల తెలుస్తాది?"

"తెలీదు సార్. నా మాట నమ్మాల్సిందే."

ఆయన సగమే నమ్మాడు. ఆమె పూచీ మీద మాత్రలు ఇచ్చాడు గానీ, నివేదికలో ఆదిమూలం ఫోటో వేయించాడు. అతని ఏడుగురు రోగుల పేర్లు ఊళ్లతో సహా అచ్చయ్యాయి. అధ్యాపకుల వరసలో చంద్రకాంతమ్మ పేరు లేదు.

పంకజాక్షికి నాయుడుపేటలో ఉద్యోగం వచ్చింది. తర్వాతి నెల చంద్రకాంతమ్మ ఒక్కతే మాత్రల డబ్బా పట్టుకుని కొట్టానికి వెళ్లింది. గంటసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక ముసలామె తలుపు దగ్గర నుంచి తొంగిచూసి, ఆ పిల్ల ఏదని అడిగింది. సంగతి విని గడప బయటి నుంచే మళ్లీ అడిగింది.

"మీరు పేరు అడగరు గదా?"

"అడగను."

ఆమె లోపలికి వచ్చింది. ఆ నెల పదకొండు మంది మాత్రలు తీసుకున్నారు. మరుసటి నెల ఇరవై ఆరుగురు.