ఉప్పు చూసే మనిషి

జ్వరం తగ్గింది గానీ నాలుక చచ్చిపోయింది. ఉప్పు, పులుపు, కారం ఏదీ తెలియడం లేదు. పదకొండు రోజులైంది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఇంకో ఇంట్లో అయితే ఇదేమంత పెద్ద విషయం కాదు. మా ఇంట్లో నా నాలుక మీదే అందరి బతుకూ నడుస్తోంది. మేం పండుగప్పలు పెంచుతాం. అది సముద్రపు ఒడ్డున ఉప్పునీళ్లలో పుట్టే చేప. దాన్ని మంచినీటి చెరువులో పెంచాలంటే ముందు పిల్లల్ని ఉప్పునీటి తొట్లలో ఉంచి, రోజూ కాస్త కాస్త మంచినీళ్లు కలుపుతూ ఉప్పు మాన్పించాలి. లీటరు నీళ్లకు ముప్ఫై గ్రాముల ఉప్పుతో మొదలుపెట్టి రోజుకు ఐదు చొప్పున దించాలి. తొందరపడితే చస్తాయి. ఆ లెక్క చెప్పేది నేను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "ఇరవై" అన్నానంటే ఇరవయ్యే. ఇన్నేళ్లుగా నా మాటకు తిరుగులేదు. పోయినేడాది కోడలు ముచ్చటపడి ఉప్పు కొలిచే మీటరు కొనుక్కొస్తే, "నా నోట్లో ఉన్నదానికి బయట కొనడమెందుకు" అని దాన్ని బల్ల సొరుగులోకి తోసేశాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు కొంచెం సంతోషంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మావాడు వ్యానులో మూడు వేల పిల్లల్ని తెచ్చి దింపేనాటికి నా నోట్లో ఏమీ మిగల్లేదు. ఈ పిల్లలు పోతే మళ్లీ ఏడాదిదాకా దొరకవు. చెరువు ఖాళీ, మేమూ ఖాళీ.

మొదటి మూడు రోజులూ గడియారంతో నెట్టుకొచ్చాను. తొట్టికి అరగంట మంచినీళ్ల కుళాయి తిప్పితే ఐదు దిగుతుందని అనుభవం మీద తెలుసు. అందరూ చూస్తుండగా వేలు నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముఖం గంభీరంగా పెట్టి "ఇరవై ఐదు" అన్నాను. మర్నాడు "ఇరవై" అన్నాను. నాటకాల్లో చేరాల్సినదాన్ని. రాత్రిళ్లు మాత్రం కునుకు పట్టేది కాదు.

నాలుగో రోజు పొద్దున షెడ్డులో అడుగుపెట్టి తొట్టిలోకి తొంగిచూశాను. మిలమిల్లాడాల్సిన పిల్లలు నల్లబడి అడుగున పడి ఉన్నాయి. కొన్ని పైకొచ్చి గిర్రున తిరుగుతున్నాయి. మూడు తొట్లలోనూ అదే వరస. గాలి బుడగలు బాగానే వస్తున్నాయి. మరి ఉప్పు తగ్గిందా, నీళ్లు కుళ్లాయా? వేలు ముంచి నాకాను. ఏమీ లేదు. దోసిలి పట్టి పుక్కిలించాను. ఏమీ లేదు.

పరుగున వెళ్లి సొరుగులోంచి మీటరు తీశాను. నీళ్ల చుక్క ఎక్కడ వెయ్యాలో, ఏ వైపు కన్ను పెట్టాలో తెలిస్తేగా! తిప్పి తిప్పి చూస్తుంటే వెనక చెప్పుల చప్పుడైంది. దొంగలా దాన్ని సొరుగులో పడేసి మూసేశాను.

"అత్తయ్యా, పిల్లలు అదోలా ఉన్నాయి. ఉప్పు చూశారా?" అంది కోడలు.

"చూశాను."

"ఎంతుంది?"

అప్పుడే చెప్పేయాల్సింది. చెబుదామనే నోరు తెరిచాను. వచ్చిన మాట మాత్రం "పదిహేను."

ఆమె తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. "నిజంగా పదిహేనేనా అత్తయ్యా?"

"ఏం, నా నాలుక మీద నీకు అనుమానమా?" భయం పెరిగేకొద్దీ నా గొంతూ పెరుగుతుంది. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆమె తల దించుకుంది. "పదిహేనైతే ఉప్పు సరిగానే ఉన్నట్టు. నీళ్లే పాడై ఉంటాయి. ఎలాగూ ఇవాళ పదికి దించాలిగా, మంచినీళ్లు పట్టి మార్చమంటారా?"

"మార్చు."

మొదటి తొట్టి కుళాయి తిప్పింది. నీళ్లు ధబధబా పడ్డాయి. నిన్న కూడా రోజూలాగే అరగంటే తిప్పానుగా, పదిహేనే ఉంటుందిలే అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. ఒక పిల్ల వెల్లకిలా తేలింది. ఇంకో నిమిషం చూసి చెబుదాం అనుకున్నాను. నాలుగు తేలాయి. తర్వాత లెక్క అందలేదు. ఇన్నేళ్ల పేరు ఒక్క మాటతో పోతుందని భయం. చెప్పకపోతే చేపలే పోతాయని భయం. రెండిటి మధ్యా బిగుసుకుపోయాను.

"కట్టెయ్! కట్టెయ్యవే!" ఆ కేక నాదేనని తర్వాత తెలిసింది. "నాకు రుచి తెలియట్లేదు. జ్వరం వచ్చినప్పట్నించీ ఏమీ తెలియట్లేదు!"

ఆమె కుళాయి కట్టేసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సొరుగు లాగి మీటరు తెచ్చి, రెండో తొట్టిలోంచి చుక్క తీసి వేసి, వెలుతురు వైపు పెట్టి చూసింది. "ఆరు" అంది. మొదటి తొట్టిలోకి తొంగిచూసి, "మామయ్యా, ఉప్పునీళ్లు తీసుకురండి!" అని అరిచింది.

మా ఆయన బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. ఆరు అని వినగానే అక్కడే ఆగిపోయారు. "నిన్న పొద్దున్నే కుళాయికి లావు గొట్టం బిగించాను. నీళ్లు తొందరగా పడితే నీకు నిలబడే పని తగ్గుతుందని. నువ్వు రుచి చూసి ఆపుతావుగా అనుకున్నాను" అన్నారు. ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది?

కోడలు కొలుస్తూ చెప్పింది, మేం కొద్దికొద్దిగా పోశాం. మధ్యాహ్నానికి రెండు తొట్లలో పిల్లలు మెల్లగా లేచి ఈదాయి. మొదటి తొట్టిలో ఒక్కటీ లేవలేదు.

చచ్చినవాటిని చేతివలతో తోడుతూ అడిగాను. "రుచి పోయిందని నేను చెప్పినప్పుడు నువ్వు ఆశ్చర్యపోలేదేం?"

"రోజూ మీ వంట తింటున్నాం కదత్తయ్యా. ఒకరోజు ఉప్పుండదు, ఒకరోజు నోట్లో పెట్టుకోలేం. మామయ్య నీరసం అనుకున్నారు. మీ జ్వరం తగ్గిన మూడో రోజుకే నాకు అర్థమైంది."

వల నా చేతిలోంచి జారింది. "తెలిసీ కుళాయి ఎందుకు తిప్పావే?"

ఆమె వంగి వల తీసి, నా ముఖం చూడకుండా అందించింది.

"మీరు పదిహేనన్నారు కదత్తయ్యా" అంది.