సొరపాదు మొదట్లో వేన్నీళ్ళు

కాపురానికొచ్చిన నెలకే కోడలు పెరటి మీద పడింది. పెరడన్నది పేరుకే. గునపం వేస్తే ఖంగుమని మోగే నేల. రెండేళ్ళపాటు తెల్లారగట్లే లేచి రాళ్ళు పెకలించి తట్టలతో మోసింది. గోళ్ళు చితికాయి, నడుం పట్టేసింది. కాలవగట్టు నుంచి మట్టి మోసుకొచ్చి గుంతలు నింపింది. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని చూసేది.

"రాళ్ళలో ఏం మొలుస్తుందే, పిచ్చిమొహమా!"

మూడో ఏడు వంగ, బెండ నిలదొక్కుకున్నాయి. సొరపాదు ప్రహరీ ఎక్కి పదమూడు కాయలు కాసింది. వీధి వీధంతా చూసిపోయింది.

"మా అమ్మాయి చేతి చలవమ్మా! వచ్చినప్పుడల్లా దీని మీదే ఉంటుంది," అని పక్కింటావిడ చేతిలో కాయ పెట్టింది అత్తగారు. ఆ అమ్మాయి, అంటే ఆడబిడ్డ, పెరటి గడప దాటిన పాపాన పోలేదు.

కోడలు గుమ్మంలోనే నిలబడి వింది. రాత్రి మొగుడితో చెప్పుకుంటే, "పోనిద్దూ, పెద్దావిడ. నీ సొమ్మేం పోయింది?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాటి నుంచి అత్తగారు స్నానానికి వెళ్ళగానే, సలసల కాగే నీళ్ళు గిన్నెడు తెచ్చి సొరపాదు మొదట్లో పోసేది. వారంలో ఆకులు వేలాడిపోయాయి. పిందెలు నల్లబడి రాలాయి.

అత్తగారికి అన్నం సయించడం మానేసింది. మసకబారిన కళ్ళతో పాదు పక్కన చతికిలబడి ఆకాకూ తిప్పి చూసేది.

"నీ కళ్ళు మంచివి, కాస్త చూడవే. పురుగేమో?"

"పురుగేం లేదత్తయ్యా. తీగంతా శుభ్రంగానే ఉంది."

ముసలావిడ ఎండుతీగను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "నీ కష్టమని నాకు తెలీదనుకున్నావా? మొగుడు వదిలేశాడని అమ్మాయిని నలుగురూ ఆడిపోసుకుంటున్నారే. దాని గురించి ఒక్క మంచిమాట చెప్పుకుందామంటే నాకింకేం దొరికింది?"

కోడలు అత్తగారిని లేవదీసి, కాళ్ళు కడిగి, లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టింది. తిరిగొచ్చి చూస్తే వంగమొక్కలు నిండా పూతతో ఉన్నాయి.

పొయ్యి మీద ఈసారి పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టింది.