పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో

ఆసుపత్రి దుప్పట్ల విభాగంలో అందరూ ఆయన్ని మడతలాయన అంటారు. ఉతికి వచ్చిన దుప్పటిని ఆయన మడతపెడితే నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చుంటాయి. మనిషి నెమ్మది. ఎవరి జోలికీ పోడు, తన జోలికి ఎవరైనా వచ్చినా నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు వెనక పదేళ్ళుగా ఒక పగ కుతకుతలాడుతోందని అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినది భార్య ఒక్కర్తికే. ఆవిడ కూడా అదెప్పుడో చల్లారిపోయిందనే అనుకుంటోంది.

ఆ ఏడు సెలవులివ్వగానే పిల్లలు థీమ్ పార్కుకి తీసుకెళ్ళమని చెవిలో జోరీగల్లా పోరు మొదలుపెట్టారు. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. పార్కు ఉన్నది మడతలాయన ఒకప్పుడు పనిచేసిన ఊళ్ళోనే.

"ఆ ఊరు వెళ్తే మీకు బాధనిపించదా?" అని భార్య మెల్లిగా అడిగింది.

"ఎప్పటి మాట. వెళ్దాం పద" అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఆవిడకి అనుమానం రావాల్సింది. సంతోషంలో రాలేదు.

కుట్టుమిషను ముందు కూర్చునే, ఒక చేత్తో ఫోను తిప్పుతూ ఆవిడ హోటళ్ళు వెతికింది. ధర తమకి అందాలి, నలుగురికీ ఒకే గది దొరకాలి, పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. "సాయంత్రానికి చిన్నది కాళ్ళు పీకుతున్నాయని రాగం తీస్తుంది. దాన్ని చంకనేసుకుని బస్సుల వెంట పరిగెత్తడం నా వల్ల కాదు" అంది.

వెతగ్గా వెతగ్గా ఒక పచ్చరంగు హోటలు దొరికింది. పార్కు గేటుకి ఏడు నిమిషాలు. పొద్దున టిఫిను ఉచితం. పిల్లలకి ఒకదాని మీద ఒకటి మంచాలు. ఫోటో చూడగానే పై మంచం నాదంటే నాదని పిల్లలిద్దరూ అప్పుడే జుట్టూజుట్టూ పట్టుకున్నారు.

"అది వద్దు" అన్నాడు మడతలాయన. "ఏడు నిమిషాలంటే పరుగుపందెం వాళ్ళకి. పైగా పక్కన లారీలు ఆగే చోటు. తెల్లవార్లూ హారన్లు."

లారీల్లేవు, హారన్లూ లేవు. ఆ వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రెండోదానికి లిఫ్టు లేదన్నాడు. మూడోదానికి నీళ్ళు సరిగా రావన్నాడు. అలా ఒక్కొక్కదానికీ వంక పెట్టుకుంటూ వచ్చి, చివరికి ఒక నీలంరంగు మేడ మీద వేలు పెట్టాడు.

"ఇది పన్నెండు నిమిషాల నడక. టిఫిను లేదు. పోనీ చవకా అంటే అదీ కాదు" అంది భార్య.

"గదులు పెద్దవి. నా మాట విను."

"హోటళ్ళ సంగతి మీకు తెలిసినంత నాకేం తెలుసు" అంటూ ఆవిడ బుక్ చేసేసింది. అంత గుడ్డిగా నమ్మినందుకు ఆయనకి సిగ్గు వేసి ఉండాల్సింది. వేయలేదు. లోపల గంతులు వేశాడు.

ఆ నీలం మేడ పదేళ్ళ క్రితం తెల్లగా ఉండేది. పేరు కూడా వేరు. అందులో ఎనిమిదేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా పనిచేశాడు. ఒకరోజు మూడో అంతస్తులో దిగినాయన చేతి గడియారం కనబడలేదు. యజమాని వచ్చేపోయే జనం చూస్తుండగా మడతలాయన సంచీ తెప్పించి లాబీ నేల మీద బోర్లించాడు. టిఫిను డబ్బా దొర్లుకుంటూ పోయి ఎవరి కాళ్ళ దగ్గరో ఆగింది. గడియారం దొరకలేదు. అయినా, "ఎక్కడ దాచావో నీకే తెలియాలి. రేపట్నుంచి రాకు" అన్నాడు. వారం తిరక్కుండా ఆ గడియారం దాని సొంతదారు కారు సీటు కిందే దొరికిందని లిఫ్టు దగ్గరుండే ముసలాయన ఫోను చేసి చెప్పాడు. యజమానికి ఆ సంగతి తెలుసట. "పోయినవాణ్ణి ఇప్పుడు పిలిస్తే నెత్తికెక్కి కూర్చుంటాడు" అన్నాడట. దొంగ అన్న పేరు ఆ ఊళ్ళో హోటలు హోటలుకీ పాకింది. ఎవరూ గడప తొక్కనివ్వలేదు. ఊరే మారాల్సి వచ్చింది.

అందుకే ఆయనకి కావలసింది ఒక్కటే. వాడి లాబీలో, వాడి జనం ముందు, వాడి చేత తల వంచి క్షమించమనిపించాలి. అప్పుడు తనెవరో చెప్పాలి. తన పేరుకి పట్టిన మసి అక్కడే, అందరి ఎదుటే వదిలించుకోవాలి. ఏం మాట్లాడాలో అద్దం ముందు వల్లెవేసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

హోటలువాడికి నల్లి అన్న మాట వింటే గుండె ఆగుతుంది. ఆసుపత్రికి వచ్చే పాత పరుపుల్లో నల్లులకి కొదవ లేదు. అయిదు నల్లుల్ని ఏరి, చంపి, ఖాళీ మాత్రల సీసాలో వేసుకున్నాడు. బతికున్నవి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు, రేపు ఆ మంచం మీద ఎవరి పిల్లలు పడుకుంటారో. అంత పగలోనూ పనివాడి బుద్ధి పోలేదు.

హోటల్లో దిగేసరికి మధ్యాహ్నమైంది. కౌంటరు వెనక యజమానే ఉన్నాడు. నెత్తి మీద జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. "రండి సార్, ప్రయాణం బాగా జరిగిందా?" అంటూ మడతలాయన ముఖంలోకి నేరుగా చూసి నవ్వాడు. ఆనవాలు పట్టలేదు. పట్టకూడదనే నెలరోజులు గడ్డం పెంచాడు మడతలాయన. తీరా పట్టకపోయేసరికి ఒళ్ళు మండిపోయింది. తన బతుకు తలకిందులు చేసినవాడికి తన ముఖం కూడా గుర్తులేదు.

గదులు సర్దే ఆవిడ చిన్నదానికి అదనంగా ఒక దిండు తెచ్చి ఇచ్చింది. యాభై దాటి ఉంటాయి, కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది.

"ఆంటీ, మా నాన్న కూడా దుప్పట్లే మడతపెడతారు" అంది చిన్నది.

"అలాగా తల్లీ. అయితే నా పనికి మార్కులెన్నో అడిగి చెప్పు" అని నవ్వుతూ వెళ్ళింది. దుప్పటి మూలలు చూశాడు మడతలాయన. వంక పెట్టడానికి లేదు. ఆ సంగతి ఎక్కువసేపు ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున భార్యాపిల్లలు టిఫినుకి బయటికెళ్ళారు. తలనొప్పని గదిలో ఉండిపోయిన మడతలాయన పరుపు తలవైపు కుట్టులోకి గుండుసూదితో ఒక్కొక్క నల్లినే దోపాడు. నల్లులు ఎక్కడ కాపురం పెడతాయో ఆయనకి చెప్పాలా? సీసా చెత్తబుట్టలో పడేసి, ఫోటో తీసుకుని, పది ఎప్పుడవుతుందా అని కూర్చున్నాడు. గదులు ఖాళీ చేసేవాళ్ళూ కొత్తగా దిగేవాళ్ళూ ఒకేసారి లాబీలో నిండేది అప్పుడే.

పిల్లలు టోపీలు పెట్టుకుని మెట్ల మీద ఒంటికాలి మీద గెంతుతున్నారు. "గేటు తెరిచేసి ఉంటారు, ఎండెక్కకముందే పోదాం" అంది భార్య. "ఒక్క నిమిషం" అని ఆయన కౌంటరు దగ్గరికి నడిచాడు.

"మా పిల్లల్ని నల్లుల్లో పడుకోబెట్టారు మీరు" అన్నాడు. నెమ్మది మనిషి గొంతు అంత లేస్తుందని భార్యకే తెలియదు. లాబీ అంతా తిరిగి చూసింది. ఫోటో పక్కవాళ్ళకి చూపించాడు, వాళ్ళు ఆ పక్కవాళ్ళకి చూపించారు. సూట్‌కేసు నేల మీద పెట్టిన ఒకావిడ చటుక్కున పైకెత్తుకుంది. భార్య ముఖం మొదట పాలిపోయి, తర్వాత గర్వంతో వెలిగింది. తన మొగుడు ఒకరి మీద నోరు చేసుకోవడం ఆవిడ చూడటం ఇదే మొదటిసారి.

యజమాని కౌంటరు దాటి బయటికి వచ్చాడు. అందరూ చూస్తుండగా తల వంచాడు. "తప్పయిపోయింది సార్. అందరి ముందూ అడుగుతున్నా, క్షమించండి."

పదేళ్ళు ఎదురుచూసిన మాట అది. మడతలాయన కడుపు నిండిపోయింది. వల్లెవేసినదంతా చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా యజమాని కౌంటరు పిల్లవైపు తిరిగి, "ఆ గది బీరువా తలుపు వెనక చీటీ పట్రా" అన్నాడు.

చీటీ. మడతలాయనకి అప్పుడు గుర్తొచ్చింది. గది సర్దినవాళ్ళు తమ నంబరూ తేదీ రాసి బీరువా తలుపు వెనక అంటించాలి, ఆ గదిలో ఏ తప్పు దొరికినా ఆ నంబరుదే పూచీ. ఆ పద్ధతి పెట్టింది ఈయనే. అప్పట్లో దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయాడో. పగ తలకెక్కి, సొంత చేతులతో పెట్టిన నియమాన్నే మర్చిపోయాడు.

చీటీ వచ్చింది, వెనకాలే గదులు సర్దే ఆవిడా వచ్చింది. "సార్, ఆ పరుపు నేను నిన్ననే దులిపాను. ఏమీ లేవు సార్" అంది.

"ఇవాళ్టితో నీ పని సరి. నీ సంచీ తెచ్చి ఇక్కడ తెరువు, మా సామానేదైనా ఉందేమో చూడాలి."

ఆవిడ తెచ్చింది. వంగలేక నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి పెట్టింది. దువ్వెన, మందుల చీటీ, పాత చెప్పులు, ఇంకా మూత తియ్యని అన్నం డబ్బా. జనం చూస్తున్నారు. నోరు మూసుకుని ఉంటే మడతలాయన గెలిచినట్టే. ఇంకో నిమిషంలో తన మాట చెప్పుకోవచ్చు. ఈవిడకి ఇంకెక్కడైనా పని దొరక్కపోదని మనసుకి చెప్పుకున్నాడు. చెప్పుకుంటుండగానే అది పచ్చి అబద్ధమని తెలిసింది. తనకి దొరికిందా?

"ఆవిడ తప్పేం లేదు. ఆ నల్లులు పెట్టింది నేను" అన్నాడు.

"జాలిపడి అలా అనకండి సార్. మీలాంటివాళ్ళ మెతకదనం వల్లే వీళ్ళు ఇలా తయారవుతున్నారు" అన్నాడు యజమాని.

"పైకెళ్ళి చూడండి. అయిదూ చచ్చినవే. పరుపు మీద ఒక్క మరక లేదు. నిజంగా నల్లులుంటే మరక లేకుండా ఉంటుందా? ఆసుపత్రి నుంచి తెచ్చాను." ఊపిరి పీల్చుకుని మిగతాది కూడా చెప్పేశాడు. "మూడో అంతస్తులో గడియారం పోయిందని మీరు సంచీ బోర్లించిన సూపర్‌వైజర్ని నేను. అది కారులోనే దొరికిందని మీకు తెలుసు. తెలిసీ దాచారు."

అద్దం ముందు అంత బాగా పలికిన మాటలు ఇక్కడ దొంగ పలికే మాటల్లా వచ్చాయి. యజమాని ఆయన్ని ఎగాదిగా చూశాడు. గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది.

"విన్నారుగా అండీ" అన్నాడు జనంవైపు తిరిగి. "అప్పుడు దొంగతనం చేశాడని పంపించేశాను. ఇప్పుడొచ్చి ఈ పని చేశాడు. ఇక కారులో దొరికిందంటావా? ఎవరు చెప్పారు, పిలువు."

"లిఫ్టు దగ్గరుండే ఆయన."

"ఆయన పోయి తొమ్మిదేళ్ళు దాటింది."

పోలీసులకి అప్పగించమని ఎవరో అన్నారు. యజమాని చెయ్యి అడ్డంగా ఊపాడు. "పిల్లలున్నవాడు. పాపం, పోనివ్వండి." జనం ఆయన పెద్దమనసుకి తలలూపారు. చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

గదులు సర్దే ఆవిడ సామానంతా మళ్ళీ సంచీలో సర్దుకుంటోంది. మడతలాయన దగ్గరికెళ్ళి, "అమ్మా, పొరపాటు చేశాను" అన్నాడు.

"గది ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అని అడిగింది ఆవిడ, తలెత్తకుండా. "పరుపు మార్చాలి."

పావుగంటలో సామాను సర్దుకుని రోడ్డున పడ్డారు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పార్కు మానేద్దామని ఆయన అనబోయాడు కానీ, భార్య అప్పటికే అటువైపు నడుస్తోంది. పెద్దది తండ్రి పక్కన కాకుండా తల్లికి అటుపక్కగా నడిచింది. దారిలో పచ్చరంగు హోటలు వచ్చింది. దాని ముందు లారీలు లేవు. భార్య ఆగి చూసి కదిలింది.

టికెట్ల వరసలో నిలబడ్డాక ఆవిడ నోరు విప్పింది. "ఏమండీ, ఒకటడుగుతాను. ఆ గడియారం మీరు తీయలేదు కదా?"

పెళ్ళాం నోట ఆ మాట రావడం పదేళ్ళలో అదే మొదలు. ఏ హోటలూ పని ఇవ్వనప్పుడు అడగలేదు, ఆవిడ మిషను మీదే ఇల్లు గడిచిన రోజుల్లోనూ అడగలేదు.

"తీయలేదు. మన పిల్లల మీద ఒట్టు" అన్నాడు మడతలాయన.

ఆవిడ ఆయన కళ్ళల్లోకి చూసింది. "పొద్దున నల్లులున్నాయని చెప్పినప్పుడు కూడా మీ గొంతు ఇలాగే నిజంలా ఉంది" అంది. వరస ముందుకి జరిగింది. ఆవిడ చిన్నదాని చెయ్యి పట్టుకుని నడిచింది.