చప్పుడు లేని మాట

గడ్డం సగం గీసుకున్నాడో లేదో, అద్దంలో వెనకనుంచి భార్య పెదాలు కదిలాయి. "చెవి కింద వదిలేశావు." గొంతు పెగల్లేదు. పెగలవలసిన అవసరమూ లేదు. అతను కత్తి అటు తిప్పి, మిగిలిన ఆ నాలుగు వెంట్రుకలూ గీసేశాడు.

ఇద్దరూ మిల్లులో మరమగ్గాల దగ్గర వయసు కరిగించినవాళ్లు. ఆ మగ్గాలు తిరగడం మొదలెట్టాక పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకే షెడ్డులో ఎవరూ అరవరు. పెదాలను బాగా సాగదీసి, శబ్దం లేకుండా మాట్లాడుకుంటారు. కూర మాడిన సంగతి దగ్గర్నుంచి అత్తగారి సాధింపుల దాకా అన్నీ అలాగే నడుస్తాయి. రహస్యమైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఒకప్పుడు అతను ఆమెను పెళ్లి చేసుకుంటావా అని అడిగినప్పుడు ఆ కంగారులో చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయాడు. ఆమె జవాబు చెప్పేలోపే షెడ్డంతా నవ్వింది.

ఇప్పుడామె మంచం దిగడం లేదు. ఏళ్ల తరబడి పీల్చిన పత్తిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మాటకు సరిపడా ఊపిరి అందదు. అయినా ఆ ఇంట్లో కబుర్లు మాత్రం తగ్గలేదు. పగలు తోడుండే వదిన, అంటే ఆమె అక్క, వాళ్లిద్దరినీ చూసి, "మీ మధ్య కూర్చుంటే నాకే చెవుడొచ్చిందేమోనని భయమేస్తుంది మరిదీ" అంటుంది. రాత్రయితే వదిన తన సంసారం చూసుకోవడానికి వెళ్లిపోవాలి. అతనికి రాత్రి షిఫ్టు. అక్కడ మగ్గం ముందు నిలబడ్డాడన్న మాటే గానీ, ఇంట్లో ఆమె ఒంటరిగా ఆయాసపడుతోందన్న దిగులు అతన్ని పీక్కుతినేది.

మేస్త్రీకి రాత్రి షిఫ్టు ఉండదు. అందుకే అతను ఆ ఉద్యోగం కోరుకున్నాడు. కానీ ఈసారి మిల్లువాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. మేస్త్రీ అయ్యేవాడు ఆఫీసువాళ్లతో, సరుకు కొనేవాళ్లతో మాట్లాడాలి కాబట్టి, ముందు నలుగురితో ఎలా మెలగాలో నేర్పే క్లాసుకు వెళ్లాలి.

మొదటిరోజే అతని పరువు పోయింది. లేచి నిలబడి తన గురించి చెప్పుకోమంటే చెప్పుకున్నాడు. అంతా అయ్యాక టీచరమ్మ, "మొదలుపెట్టండి మరి" అంది. క్లాసులో ఉన్న నేతవాళ్లందరికీ అతని మాట పూర్తిగా అర్థమైంది. వినపడనిది ఆవిడకొక్కదానికే. రెండోరోజు గొంతు పైకి తెచ్చాడు గానీ, ఆవిడ నొచ్చుకున్నట్టుగా ఆపింది.

"నా నోటికేసి చూస్తారేంటండీ? కళ్లలోకి చూడండి. అప్పుడే ఎదుటివాళ్లకి మీ మీద నమ్మకం కుదురుతుంది."

పరాయి ఆడమనిషి పెదాలవంక చూశాడని అందరిముందూ అనిపించుకోవడంతో అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెప్పుకుంటే భార్య ఆయాసం వచ్చేదాకా నవ్వింది. తర్వాత పాత పెట్టెలోంచి ఎర్రదారం ముక్క తీయించింది. మగ్గాలు నడిపే ఓపిక పోయాక ఆమె కొన్నాళ్లు బట్ట తనిఖీలో పనిచేసింది. నేతలో ఎక్కడ తప్పు కనపడితే అక్కడ ఎర్రదారం కట్టడమే ఆమె పని. ఆ ముక్కను అద్దానికి, సరిగ్గా అతని కనుబొమల మధ్య కనపడేలా, జిగురుతో అంటింపజేసింది.

"ఇక్కడ చూస్తూ మాట్లాడు. చూపు కిందికి దిగిందో, ఊరుకోను."

అద్దం ముందు కుదిరాక తన ముందు చెప్పించుకుంది. అతని చూపు పెదాలమీదికి జారకుండా దుప్పటి అంచు ముక్కుదాకా లాక్కునేది. అప్పుడిక కళ్లు తప్ప అతనికి చూడ్డానికేమీ ఉండేది కాదు.

ఈ రోజే మేనేజరు ముందు పరీక్ష. ఉదయం కూడా అలాగే ఒప్పజెప్పాడు. తడబడలేదు. ఆమె దుప్పటి దించి, "వెళ్లిరా. భయపడకు" అంది.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో బల్లకవతల మేనేజరు, ఆయన పక్కన టీచరమ్మ కూర్చున్నారు. మేనేజరు నుదుటిమీద ఎర్రదారం ఉందనుకుని అతను చూపు అక్కడే నిలిపాడు.

"ఇద్దరు కార్మికులు తగువు పడ్డారనుకో. ఏం చేస్తావ్?"

"ముందు ఇద్దర్నీ టీకి పంపిస్తానండీ. వేరువేరుగా."

మేనేజరు నవ్వాడు. ఇంకాసేపు అవీ ఇవీ అడిగి, "ఇక పగటి షిఫ్టుకి రావయ్యా మేస్త్రీ" అన్నాడు. టీచరమ్మ తానే గెలిచినంత సంతోషపడింది.

అతను ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వదిన గుమ్మంలోనే ఎదురైంది.

"పొద్దుట్నుంచీ ఊపిరి బరువుగానే ఉంది. దిండెత్తు చేసి కూర్చోబెట్టాను. నీకోసమే చూస్తోంది. నేను కాస్త జావ కాచి తెస్తా" అని వంటగదిలోకి వెళ్లింది.

అతను మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి అందుకుని, కళ్లలోకి చూస్తూ, గొంతు పైకి తెచ్చి, నేర్చుకున్నదంతా ఆమెకు చూపిస్తూ మొదలుపెట్టాడు. గది సంగతి, టీ సంగతి, మేనేజరు నవ్విన సంగతి చెప్పాడు. ఆ కళ్లు మెరిశాయి. చెబుతుండగా కింద ఆమె పెదాలు కదులుతున్నట్టు చూపు అంచున తెలిసింది. అయినా అతను చూపు దించలేదు. దించనందుకు ఆమె మెచ్చుకుంటుందనుకున్నాడు. "ఇక రాత్రిళ్లు నీ దగ్గరే ఉంటా" అనేదాకా వచ్చి, అప్పుడు కిందికి చూశాడు.

"ఏమన్నావే?"

పెదాలు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. మళ్లీ కదల్లేదు. కళ్లు మాత్రం ఇంకా అతనివైపే ఉన్నాయి. అతని చేతిలోని చెయ్యి అప్పటికే బరువెక్కింది.

వదిన గిన్నెతో వచ్చి, చూసి, గిన్నె కింద పెట్టేసి చెల్లెలి మీద పడి ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని, "నీతో ఏమైనా చెప్పిందా మరిదీ?" అని అడిగింది.

అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. వదిన ఎప్పుడూ మిల్లులో పనిచేయలేదు.

"ఏంటి నాయనా, వినపడటం లేదు" అంది.

"చూడలేదు" అని అతను మళ్లీ అదే మాట అన్నాడు, చప్పుడు లేకుండానే.

కర్మకాండలయ్యాక, మిల్లుకు వెళ్లాల్సిన రోజు ఉదయం గడ్డం గీసుకోవడానికి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసమే వెతుక్కున్నాడు. మంచినీళ్లడిగిందో, వెళ్తున్నానందో, ఊరికే మెచ్చుకుందో. ఎంత తలచుకున్నా ఆ కళ్లే గుర్తొస్తున్నాయి తప్ప పెదాలు గుర్తు రావడం లేదు. ఆ ఒక్క క్షణం తిరిగి దొరికితే మేస్త్రీగిరీ వాళ్ల మొహానే కొట్టి వచ్చేవాడు. గీసుకోవడం అయ్యాక చెవి కింద తడిమి చూసుకున్నాడు. అక్కడ గరుగ్గానే తగిలింది.

అద్దంలో, అతని కనుబొమల మధ్య, ఆ ఎర్రదారం ముక్క అంటుకునే ఉంది.