మహిపాల్ తాగిన నీళ్లు

మా ఇంటికి ఎవరొచ్చినా నా భార్య మల్లమ్మ ముందు మంచినీళ్లు ఇస్తుంది. కరెంటు బిల్లు కొట్టేవాడైనా అంతే, కొట్లాటకు వచ్చినవాడైనా అంతే. మొన్న ఎండాకాలంలో ఆ అలవాటు తప్పింది. ఎవరైనా గడప తొక్కితే ఆమె వంటింటి వైపు రెండడుగులు వేసి, ఆగి, చాయ పెట్టమంటారా అని అడిగేది. చాయలో వాసన తెలియదు కదా.

నల్లా నీళ్లకు మోరీ వాసన, మురుక్కాలువ పక్కన నిలబడ్డట్టు. కొత్తపేటలో రైతుబజారు వెనక మాది సన్నటి గల్లీ. ఏవో వైర్లు వేయడానికి రోడ్డు తవ్వారు, పూడ్చారు, పోయారు. అప్పటి నుంచి నల్లా విప్పితే ముందు నల్లటి నీళ్లు వచ్చేవి. తర్వాత పసుపు నీళ్లు. ఆ తర్వాత తేటగా కనిపించేవి కానీ ముక్కు దగ్గర పెడితే అదే వాసన. నల్లాకు గుడ్డ కట్టి పట్టేవాళ్లం. ఆ గుడ్డ మీద మిగిలినదాని పేరు నేను రాయను. కాచి తాగితే కాచిన మోరీ వాసన వచ్చేది.

మనవరాలు జోస్నాకు కామెర్లు అయ్యాయి. కళ్లు పసుపు, గోళ్లు పసుపు. దవాఖానలో పడుకోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా కోడలు సాధనను పక్కకు పిలిచి ఒకటే చెప్పింది. ఈ పిల్ల కడుపులోకి మళ్లీ ఆ నీళ్లు పోతే ఈసారి తన చేతిలో కూడా ఏమీ ఉండదని.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక నీళ్ల క్యాను పెట్టాం. అది జోస్నాది. మేమెవరం ముట్టుకోం. కానీ ఆడుకునే పిల్ల క్యాను పక్కనే ఎంతసేపని కూర్చుంటుంది? నోరు పుక్కిలించేది నల్లా నీళ్లతోనే. పక్కింట్లో దాహమైతే వాళ్లు ఇచ్చేదీ అవే. గల్లీ పైపు మారాలి. ఇంకో దారి లేదు.

ఫోన్లో ఫిర్యాదు చేశాం. ఒకాయన వచ్చి మ్యాన్‌హోల్ చుట్టూ బ్లీచింగ్ పొడి చల్లాడు. దాన్ని ఫోటో తీసుకుని పోయాడు. సాయంత్రానికి సాధన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. మళ్లీ ఫిర్యాదు చేశాం. మళ్లీ పొడి, మళ్లీ మెసేజ్. గల్లీ మాత్రం పండక్కి సున్నం వేసినట్టు తెల్లగా అయింది.

గల్లీ మొదట్లో, రోడ్డు మీది అపార్ట్‌మెంట్‌లో పట్టాభి గారుంటారు. కాలనీ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. వాళ్లకు బోరు ఉంది, ఫిల్టరు ఉంది. అయినా మా గోడు విన్నారు, ఆ మాట కాదనను. ఆయన మా ఇంట్లో ఎప్పుడూ నీళ్లు తాగరు. మల్లమ్మ గ్లాసు తెస్తే "ఇప్పుడే తాగొచ్చానండీ" అంటారు. నల్లా బాగున్న రోజుల్లో కూడా అదే మాట. అది వేరే సంగతి.

మహిపాల్ని పిలుద్దామన్నది ఆయనే. మహిపాల్ మా వార్డు లీడరు. ఓట్లు వస్తున్నాయని రోజూ ఏదో ఒక గల్లీలో కనిపిస్తున్నాడు. ఫోన్లో వార్డు వార్తలు నడిపే ఆనంద్ కుమార్ మా చర్చి మనిషే. తాను లైవ్ పెడతానన్నాడు. కెమెరా ముందు ఆ నీళ్లు చూపిస్తే ఎవడైనా పని చేయక తప్పదన్నాడు. నేను నమ్మాను.

మహిపాల్ వచ్చిన రోజు పొద్దున్నే గల్లీ నడుమ ఒక బకెట్టు నిండా నల్లా నీళ్లు పట్టి పెట్టాం. అతను మధ్యాహ్నం దాటాక వచ్చాడు. అప్పటికి మురికంతా అడుక్కు దిగి పైన నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. పక్కింటి హనుమాయమ్మ చెయ్యి పెట్టి కలపబోతే మహిపాల్ వెంట వచ్చినవాళ్లు అడ్డం నిలబడ్డారు. అన్న బట్టల మీద పడతాయట. మహిపాల్ దూరం నుంచే బకెట్టు చూసి తల ఊపాడు. వంగలేదు. మా గడప ముందు వేసిన కుర్చీలో కూర్చుని కండువాతో మెడ తుడుచుకున్నాడు.

మల్లమ్మ లోపలికి పోయింది. క్యాను వంచిన చప్పుడు నాకు వినిపించింది. స్టీలు గ్లాసుతో బయటికి వచ్చి అతని చేతికిచ్చింది.

మహిపాల్ ఒక్కసారి ఆనంద్ కుమార్ పట్టుకున్న ఫోను వైపు చూశాడు. గ్లాసెత్తి గటగటా తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"సల్లగున్నయ్ అమ్మా నీళ్లు" అన్నాడు. తర్వాత ఫోను వైపు తిరిగి, "మీరే చూసిండ్రు. ఇగో, గీ గల్లీల, గీ ఇంట్ల, నేనే తాగిన. చిన్న చిన్నయి ఏమన్న ఉంటె చేపిస్తం" అన్నాడు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అప్పుడు మాట్లాడాను.

"అవి క్యాను నీళ్లు. పిల్లకు తెచ్చినయి" అన్నాను.

ఆనంద్ కుమార్ ఫోను పక్కకు తిప్పాడు. మహిపాల్ లేచి నా భుజం మీద చెయ్యి వేసి, పెద్దాయనా, ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు.

లైవ్ అన్నది లైవ్ కాదట. రాత్రికి వీడియో పెట్టాడు. పైన పెద్దక్షరాలు: కొత్తపేట గల్లీలో మంచినీటి సమస్యకు చెక్. మహిపాల్ నీళ్లు తాగుతుంటే వెనక డప్పులు, సన్నాయి. పక్కన నేను నిలబడి ఉన్నాను. నా నోరు కదులుతోంది. డప్పులు తప్ప ఏమీ వినపడదు. చూసేవాళ్లకు అతన్ని దీవిస్తున్నట్టే ఉంటుంది.

పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయేదాకా నేను ఈ కొత్తపేటలోనే హమాలీ పని చేశాను. కుళ్లిన బత్తాయిల మీద నడిచి బతికినవాణ్ణి. కుళ్లు నాకు కొత్త కాదు. కానీ పండు కుళ్లితే కుళ్లినట్టే కనిపిస్తుంది, దానికి ఎవరూ సన్నాయి పెట్టరు.

సాధన ఆ వీడియో చూసి అత్త పక్క నుంచే వంటింట్లోకి పోయింది. గిన్నెలన్నీ చప్పుడు చేసింది. చివరికి మల్లమ్మే ఉండబట్టలేక అంది.

"ఇంటికొచ్చినోనికి మోరీ నీళ్లు ఎట్లిస్తనే? గడపల కూసున్నడు, చెమటలు కారుతున్నయ్."

"నా క్యానుల నీళ్లు ఇచ్చినవా నానమ్మా?" అని అడిగింది జోస్నా. కోపంగా కాదు. తెలుసుకోవడానికే అడిగింది. మల్లమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

పట్టాభి గారిని వెంటపెట్టుకుని నీళ్లాఫీసుకు పోయాను. సారు మా మాట సగంలో ఆపి, తన ఫోనులో ఆ వీడియో తీసి నాకే చూపించాడు. తాగింది మీ ఇంట్లోనే కదా, పక్కన ఉన్నది మీరే కదా అన్నాడు. అవి క్యాను నీళ్లని చెప్పాను. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నాడు. చెప్పానన్నాను. ఇందులో లేదే అన్నాడు. బల్ల మీద ఆయన తాగే నీళ్ల సీసా ఉంది, మూత సీలు ఇంకా తీయలేదు. దాన్నే చూస్తూ నిలబడి, తిరిగొచ్చాను.

దారిలో పట్టాభి గారు ఇంకో ఉపాయం చెప్పారు.

"తిడితే పని అవ్వదండీ పేతురు గారూ. ముందు దండ వేయాలి. సిగ్గుతోనైనా చేస్తాడు."

సంఘం తరఫున సన్మానం పెట్టారు. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నడుమ మహిపాల్ నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు. కింద 'మా గల్లీ దాహం తీర్చిన మహిపాలన్నకు కృతజ్ఞతలు' అని ఉంది. అంచు చుట్టూ గుండ్రటి బిళ్లల్లో మా ముఖాలు. నాది క్రిస్మస్ నాడు చర్చిలో తీసిన ఫోటో. నా ముఖం తీసేయమని అడిగాను. ఒక్క ముఖం కోసం మొత్తం మళ్లీ కొట్టించలేమని, అయినా చాలా ముచ్చటగా పడ్డానని పట్టాభి గారు అన్నారు. ఎవరో దాని కింద పాన్ ఉమ్మేశారు. ఆ ఎర్రటి మరక నా గడ్డం దాకా జారింది.

"తాతా, గా ఫ్లెక్సీల నువ్వెందుకు నవ్వుతున్నవ్?" అంది జోస్నా.

సన్మానం రోజు బల్ల, దుప్పటి, కుర్చీలు అన్నీ మా ఇంటి ముందే వేశారు. వీడియోలో ఉన్న గడప ఇదే కాబట్టి ఇక్కడే బాగుంటుందట. నల్లా వచ్చే టైమే అది. శాలువా కప్పారు, దండ వేశారు. ఆనంద్ కుమార్ ఫోను పట్టుకుని ముందుకూ వెనక్కూ నడుస్తున్నాడు. మహిపాల్ మాట్లాడుతుంటే మల్లమ్మ లేచి లోపలికి పోయింది. ఈసారి క్యాను చప్పుడు రాలేదు. నల్లా చప్పుడు వచ్చింది.

అదే స్టీలు గ్లాసు. రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చింది.

"అమ్మ చేతి నీళ్లు. మొన్న గూడ తాగిన" అని మహిపాల్ ఫోనుకు చెప్పి గ్లాసు పైకెత్తాడు. మూతి దాకా పోయిన గ్లాసు అక్కడే ఆగింది. ముక్కుపుటాలు కదిలాయి. నవ్వు మాత్రం ముఖం మీద అట్లాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టు.

"తాగు బిడ్డా" అంది మల్లమ్మ. "గదే ఇల్లు. గదే గ్లాసు."

మహిపాల్ గ్లాసును పక్కనున్న పట్టాభి గారికి ఇచ్చి, ముందు పెద్దలు మీరు తాగండన్నాడు. పట్టాభి గారి చేతిలోకి గ్లాసు వచ్చేసింది. ఆయన దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని, "ఇప్పుడే తాగొచ్చానండీ" అన్నారు.

ముందు నవ్వింది హనుమాయమ్మ. తర్వాత గల్లీ అంతా నవ్వింది. పట్టాభి గారు గ్లాసు ఆనంద్ కుమార్ వైపు చాపారు. అతను అప్పటికే ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ గ్లాసు అట్లా తిరిగి తిరిగి నా చేతికి వచ్చింది. నేను దాన్ని బల్ల మీద, శాలువా తెచ్చిన పళ్లెం పక్కన పెట్టాను.

మల్లమ్మ గొంతు పెంచలేదు. ఆదివారం ఆరాధన ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

"పైపు మారేదాక నేను గీ గ్లాసు పట్టుకొస్త. దిల్‌సుఖ్‌నగర్ల మీటింగ్ పెట్టు, ఎల్బీనగర్ల పెట్టు. యాడ పెడితె గాడికొస్త. తాగినవ్ గద, మల్ల తాగుతవ్."

మహిపాల్ కారు దగ్గరకు పోయి సీసా నీళ్లతో చెయ్యి కడుక్కున్నాడు. మంచి నీళ్లు. మా గల్లీ దుమ్ములో పారాయి.

ఆ వారమే మనుషులు వచ్చారు. గల్లీ మొదట్లో తవ్వారు. జోస్నా గుంట పక్కన నిలబడి పైపు దిగేదాకా చూసింది. మెయిన్ లైను నుంచి కొత్త ప్లాస్టిక్ పైపు తెచ్చి మా ఇంటి నల్లాకు బిగించారు. తర్వాత పారలు భుజాన వేసుకున్నారు. మిగతా గల్లీ సంగతేమిటని అడిగాను. మాకు చెప్పింది ఈ ఒక్క ఇంటికేనన్నారు. పేతురు ఇల్లు ఏదని అడిగి మరీ వచ్చారట.

మా నల్లా విప్పితే మంచి నీళ్లు. వాసన లేదు, రంగు లేదు. నాకు అంత అసహ్యం మోరీ నీళ్లు చూసినప్పుడు కూడా వేయలేదు.

గల్లీవాళ్లు బిందెలు తెచ్చుకుని మా ఇంటి ముందు నిలబడ్డారు. మల్లమ్మ అందరికీ పట్టిచ్చింది. పట్టుకునేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మలుపు తిరిగాక అన్నారు. ముసలిది గ్లాసు చూపించి తన పని చేయించుకుందట. ఫ్లెక్సీ మీద ముసలోడు ఊరికే నవ్వలేదట. పట్టాభి గారు వచ్చి, మీ పని అయింది కదా, ఇక లాగొద్దని నిదానంగా చెప్పారు. మల్లమ్మ ఆయనకు కొత్త నల్లా నీళ్లు తెచ్చింది. ఆయన ఇప్పుడే తాగొచ్చారట.

హనుమాయమ్మ మాత్రం బిందె తేలేదు. జ్వరమని పడుకుంది. చూడటానికి పోతే ఆమె లేచి కూర్చుని నవ్వబోయింది. కళ్లు పసుపు. జోస్నా ఆ కళ్లను చాలాసేపు చూసింది. తర్వాత ఇంటికి పరుగెత్తి తన క్యాను దొర్లించుకుంటూ తెచ్చి హనుమాయమ్మ మంచం పక్కన నిలబెట్టింది.

ఆ సాయంత్రం ఎల్బీనగర్లో మహిపాల్ సభ ఉందని మైకులో చెప్పుకుంటూ ఆటో పోయింది. మల్లమ్మ మంచి చీర కట్టుకుంది. మా ఇంటి నల్లా దగ్గర ఆగలేదు. స్టీలు గ్లాసు తీసుకుని పక్కింటికి పోయి, హనుమాయమ్మ నల్లా విప్పి, నింపుకుని వచ్చింది.

"నువ్వు ఒస్తవా?" అంది.

షేర్ ఆటోలో మా పక్కన కూర్చున్న పిల్లలు కోచింగ్ పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. డ్రైవరు అద్దంలో చూసి, గా గ్లాసుల ఏముందమ్మా అని అడిగాడు. మంచినీళ్లే బిడ్డా, మహిపాలన్నకు అంది మల్లమ్మ. బండి గుంతల్లో ఎగిరినప్పుడల్లా గ్లాసు తొణుకుతోంది. నేను దాని మీద అరచెయ్యి మూత పెట్టాను. నీళ్లు చేతికి తగిలాయి. చెయ్యి తీయలేదు.